ఎవరూ మాట్లాడలేదు

నన్ను చూడగానే మంచం ఆ చివరికి జరిగిపోతావేంట్రా? నేనేమైనా దెయ్యాన్నా? ఇదిగో, చేతులు చూడు. ఖాళీ. సంచీలో ఒక టవలు, పళ్ళరసం సీసా, అంతే. సుత్తి పోలీసుల దగ్గరుంది. దానికో చీటీ కట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో దాచుకున్నారు. కొయ్య సుత్తికి ఆ వైభోగమేంటో!

కింద రిజిస్టర్లో "రోగికి ఏమవుతారు" అని ఒక గడి ఉంది. "అక్క" అని రాశాను. అబద్ధం కాదుగా? "దవడ విరగ్గొట్టింది ఎవరు" అని ఇంకో గడి ఉంటే అదీ నింపేదాన్ని. వాళ్ళు పెట్టలేదు, నన్నేం చెయ్యమంటావు?

తలుపు దగ్గర కానిస్టేబుల్ అయితే లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు. "పాపం, ఎంత కష్టం వచ్చిందమ్మా మీకు" అంటాడు. కొట్టింది నేను, కాపలా నీకు! భర్త పోయిన మనిషి, కడుపు మండి తమ్ముణ్ణి నాలుగు తగిలించింది, అందులో తప్పేముంది అనుకుంటున్నారు అందరూ. బెయిలిచ్చిన జడ్జీ కూడా నా మొహం చూడలేక కాగితాల్లో తల దూర్చేశాడు.

నాలుగు కాదులే. రెండు. మొదటిది నువ్వు అడ్డం పెట్టుకున్న కుడి మణికట్టుకి, అదిగో సిమెంటు కట్టు. రెండోది దవడకి. మూడోది గురి తప్పి బల్లకి తగిలింది. ఆ రెండో దెబ్బ చప్పుడు నాకింకా వినిపిస్తోందిరా. పిల్లలు బలపం విరిచినట్టు, చిన్న చప్పుడు.

ఏమిటా మూలుగు? మాట్లాడకు. పైపళ్ళకీ కింద పళ్ళకీ తీగలు చుట్టి బిగించాం, ఆరు వారాలు నోరు కదలదు అంది డాక్టరమ్మ. నువ్వు చిన్నప్పట్నుంచీ నోట్లో నాలుక లేనివాడివే. ఇప్పుడు దానికి డాక్టరు చీటీ కూడా దొరికింది, అంతే తేడా.

ఇదేంటి, తలవైపు మేకుకి కట్టర్ తగిలించారు? ఆఁ, ఇది కూడా చెప్పిందిలే. వాంతి వస్తే నోరు తెరుచుకోదు, ఊపిరాడదు, అప్పుడు ఎవరో ఒకరు దీంతో తీగలు కత్తిరించాలట. మన వర్క్‌షాపులో ఉండే లాంటిదే. చూడనీ ఒకసారి. అబ్బే, స్ప్రింగు వదులు. మీ బావ అయితే ఇలాంటిది బల్ల మీద పెట్టనిచ్చేవాడే కాదు. "పనిముట్టు ఎలాంటిదో పనీ అలాంటిదే" అనేవాడు.

అనేవాడు. చూశావా, అప్పుడే అలవాటైపోయింది ఆ మాట.

కాస్త పళ్ళరసం తాగుతావా? స్ట్రా కూడా తెచ్చాను. వద్దా? సరే, కాసేపాగి తాగుదువుగానిలే. తొందరేముంది, మూడున్నరేగా. విచారణాధికారి నాలుగింటికి వస్తాడు.

నువ్వు మాట్లాడలేవు, రాయలేవు. అందుకని ఆయనే ప్రశ్నలు చదువుతాడట. అవునంటే నిలువుగా, కాదంటే అడ్డంగా, నువ్వు తల ఊపితే చాలట. నేను కూడా ఉండొచ్చా అని అడిగాను. రోగి వద్దనకపోతే ఉండొచ్చన్నాడు. నువ్వు వద్దంటావా? అనవు. అనలేవు. అందుకే వచ్చాను.

నువ్వు జైలుకెళ్తావురా. ఎవరైనా చెప్పారా నీకు? మీ బావ చావుకి నువ్వే కారణమని కేసు కడుతున్నారు. మీ కంపెనీ ఏమందో తెలుసా? "పేటెంటు సంగతి స్టాండర్డు కమిటీకి చెప్పడం అతని బాధ్యత, చెప్పలేదని మాకు తెలియదు" అంది. పదహారేళ్ళు చాకిరీ చేయించుకుని కూరలో కరివేపాకులా ఏరి అవతల పారేసింది. పేపర్లో నీ ఫోటో కూడా వేశారు. "కంపెనీ కోసం నోరు మూసుకున్న ఇంజనీరు" అని.

నోరు మూసుకున్న ఇంజనీరు! నవ్వు రావట్లేదూ? పోనీలే, నవ్వకు. తీగలు లాగుతాయి.

అసలు ఆ కమిటీ గురించి చెబితే బయటివాళ్ళు నమ్ముతారంటావా? నలభై మంది పెద్దమనుషులు, మెడలో బిళ్ళలు, ముందు నీళ్ళ సీసాలు. రాళ్ళ క్వారీలో పేలుడు పెట్టేముందు గుంటలో ఉన్న ప్రతి మనిషి నడుము మీద బాక్సు అదరాలి. ఆ బాక్సు మీ కంపెనీ లాంటిది చేసినా, మీ బావ వర్క్‌షాపు లాంటిది చేసినా, ఒకే సిగ్నలుకి పలకాలి. అంతే కావలసింది. అంతకు ముందు ఎవడి సిగ్నలు వాడిది, ఒకరి బాక్సు ఇంకొకరి క్వారీలో చచ్చిన బొద్దింకలా పడుండేది. అందరికీ ఒకే స్టాండర్డు రాయడానికి నాలుగేళ్ళు కొట్టుకున్నారు. నువ్వు మీ కంపెనీ తరఫున. నేను మినిట్స్ రాసే మనిషిని, చైర్మన్ గారి ఎడమ పక్క. పదకొండేళ్ళు అదే కుర్చీ, కుషన్‌లో నా ఆకారం దిగిపోయింది.

ప్రతి మీటింగు మొదట్లో ఆయనో కాగితం చదివేవాడు. "ఈ స్టాండర్డులోకి వెళ్తున్న దేని మీదైనా పేటెంటు గానీ, పేటెంటుకి పెట్టిన అప్లికేషన్ గానీ ఉన్నట్టు మీలో ఎవరికైనా తెలిస్తే ఇప్పుడే చెప్పండి." బస్సులో కండక్టరు టికెట్ టికెట్ అంటాడే, అలాగే. చదివి, మనసులో పది లెక్కపెట్టి, సుత్తితో బల్ల మీద ఒక్కటి. టక్. నేను రాస్తాను: "ఎవరూ మాట్లాడలేదు."

మౌనం అర్ధాంగీకారం అంటారు. మా హాల్లో సగం కాదురా, నిండా అంగీకారమే.

మాట్లాడితే ఏమయ్యేది? ఏమీ కాదు! మీ కంపెనీ ఒక కాగితం మీద సంతకం పెట్టేది. ఎవరొచ్చి అడిగినా, చిన్నా పెద్దా చూడకుండా, సరసమైన షరతుల మీద లైసెన్స్ ఇస్తాం అని. పెట్టనంటే ఆ క్లాజు పక్కనపడేసి ఇంకో దారి వెతుక్కునేవాళ్ళం. అదీ రూలు. మాట్లాడకపోతే? కాగితం లేదు, సంతకం లేదు. ఊరంతా ఆ దారిలో నడవడం మొదలెట్టాక తీరిగ్గా వచ్చి గేటు కట్టుకోవచ్చు. "ఇది మా స్థలం" అనొచ్చు.

ఏడో క్లాజు నీదేగా. బాగా రాశావు, కాదనను. గుంటలో ఎన్ని బాక్సులున్నాయో పైన ప్యానెల్ మీద అంకె కనబడుతుంది. మనుషులు ఒక్కొక్కరే బయటికొస్తుంటే అంకె తగ్గుతుంది. సున్నా అయితేనే పేలుడు తాళం తిరుగుతుంది. అది వచ్చాక పాత సైరన్లు పీకేశారు, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు చెవులు పోతున్నాయని కేసు వేస్తే. ఎర్ర జెండా పట్టుకుని అంచు దాకా వెళ్ళి తొంగిచూసే మనిషిని కూడా తీసేశారు. ప్యానెలుందిగా, మనిషెందుకు?

మీ బావ ఎంత మురిసిపోయాడో. "మీ తమ్ముడు బంగారమే" అన్నాడు నాతో. ఆ మాట నీకు చెప్పాడా? చెప్పి ఉండడు. నిన్ను పొగడాలంటే ఆయనకి మొహమాటం.

సరే, స్టాండర్డు వచ్చింది. నియంత్రణ మండలి గెజెట్లో వేసింది, ఈ స్టాండర్డు లేని బాక్సు క్వారీలో కనబడితే జైలు అని. మూడు నెలలకి ఆ ఏడో క్లాజు మీద మీ కంపెనీకి పేటెంటు వచ్చింది. మర్నాడే నోటీసు, ఈ స్టాండర్డుతో బాక్సు చేస్తే కేసు అని. చేయకపోతే జైలు, చేస్తే కేసు! ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఊరికే అన్నారా?

లైసెన్స్ ఇవ్వండి, మీరన్న షరతులకి ఒప్పుకుంటాం అని మీ బావ మూడు ఉత్తరాలు రాశాడు. మూడూ నేనే టైపు చేశాను. జవాబు ఒకటే వాక్యం. "ప్రస్తుతం కొత్తవారికి లైసెన్సులు ఇవ్వదలుచుకోలేదు." కింద సంతకం ఎవరిదో కూడా చదవడానికి రాలేదు.

తర్వాత వర్క్‌షాపు మీద పడ్డారు. ఆ రోజు నువ్వు లేవు, వినాల్సిందే.

పొద్దున పదింటికి. మీ కంపెనీ తెచ్చుకున్న కోర్టు ఆర్డరుతో సీళ్ళు వేసే ఆఫీసరు, వాడి వెనకాల ఎనిమిది మంది. తలుపు తీసే ఉంది. తీసి ఉన్న తలుపుని గడ్డపారతో కొట్టారురా! ఎందుకని అడిగితే, తాళం పగలగొట్టి లోపలికి వెళ్ళమని ఆర్డర్లో ఉందట. లోపలికొచ్చి పరీక్ష మీటర్లు నేలకేసి కొట్టారు. బాక్సుల్లో పెట్టే సర్క్యూట్ బోర్డుల ట్రేలు తలకిందులు చేసి బూట్లతో తొక్కారు. ఆ చప్పుడు వింటే పళ్ళు జివ్వుమంటాయి. మీ బావ మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకుంటున్నాడు, ఇంకా వాడుకోవచ్చని. ఒకడు ఆయన చేతి మీద కాలేసి నిలబడ్డాడు. కావాలనే. కళ్ళలోకి చూస్తూ.

నేను వాడి మణికట్టు కొరికాను. వదల్లేదు. నోట్లో ఉప్పగా తగిలింది. వాడు నా జుట్టు పట్టుకుని తల గోడకేసి రెండుసార్లు కొట్టాడు, అయినా వదల్లేదు. చివరికి మీ బావే వచ్చి, నలిగిన వేళ్ళతో నా దవడ పట్టుకుని విడదీశాడు. "వదిలెయ్. ఆర్డరు. రేపు మాట్లాడదాం" అన్నాడు. నెత్తురు కారుతుంటే రేపు మాట్లాడదాం అనే మనిషి.

ఆ ఆర్డర్లోనే ఇంకోటి ఉంది. అమ్మిన బాక్సులన్నీ పది రోజుల్లో వెనక్కి తేవాలి. ప్రతి దానికీ బ్యాటరీ తీసి, "నిర్జీవం చేసి" ఆఫీసరుకి అప్పగించాలి. నిర్జీవం! ఆ మాట రాసినవాడి చేతులు పడిపోను. బదులుగా మీ కంపెనీ బాక్సులు రెండు వారాల్లో క్వారీలకి వస్తాయట. మరి ఆ రెండు వారాలు? అది ఆర్డర్లో లేదు. ఎవరూ అడగలేదు.

తొమ్మిదో రోజు ఆయన ఆఖరి క్వారీకి వెళ్ళాడు. కూలీలు బాక్సులు ఇచ్చేది లేదన్నారు. "ఇవి లేకుండా ఎలా దిగుతాం సార్" అని ఒకాయన రాయి కూడా ఎత్తాడట. మీ బావ గుంటలోకి దిగి, ఒక్కొక్కరికీ నచ్చజెప్పి, ముప్ఫై ఒకటి తీసుకున్నాడు. అందరూ భోజనాలకి పైకెళ్ళారు. ఆయన కింద మెట్టు దగ్గర, తవ్వే మిషను నీడలో కూర్చుని బ్యాటరీలు తీయడం మొదలుపెట్టాడు. పైకి తెచ్చి తీయొచ్చుగా? తీయొచ్చు. కానీ పైకి తీసుకెళ్తే మళ్ళీ లాక్కుంటారేమో అనుకుని ఉంటాడు.

ఒక్కో బ్యాటరీ తీస్తుంటే పైన ప్యానెల్ మీద అంకె తగ్గుతూ వచ్చింది. ముప్ఫై రెండు. ఇరవై. పది. పేలుడు మేస్త్రి చూస్తూనే ఉన్నాడు, అందరూ చక్కగా బయటికొచ్చేస్తున్నారని. అతనికి ఎవరూ చెప్పలేదు. ఆర్డరు కాపీ ఆఫీసు గుమస్తా సొరుగులో ఉంది.

ఒకటి మిగిలింది. అది మీ బావ నడుముదే. అది తీయకుండా ఉంటే చాలురా! ఒక్కటి! ఆ ఒక్కటి బతికుంటే తాళం తిరిగేది కాదు. కానీ ఆర్డర్లో "ప్రతి బాక్సు" అని ఉంది. ప్రతి అంటే ప్రతీదే ఆయనకి. తీశాడు. పైన సున్నా పడింది. మేస్త్రి తాళం తిప్పాడు.

నాకు చూపించింది ఒక చెయ్యీ, బెల్టు ముక్కా. చెయ్యి ఆయనదేనని ఎలా గుర్తుపట్టానంటే, వేళ్ళు అప్పటికే నలిగి ఉన్నాయి. చొక్కా జేబు దొరికింది. అందులో బ్యాటరీలు. పోలీసాయన బల్ల మీద పోసి లెక్కపెడుతుంటే నేను ఆపి, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టమన్నాను. ముప్ఫై రెండే. పక్కన చీటీ, ముప్ఫై రెండు టిక్కులు.

ఏడవకు. ముక్కు మూసుకుపోతే ఊపిరాడదు నీకు. ఇదిగో టవలు. ఉండు, నేనే తుడుస్తాను. ఎందుకలా వెనక్కి పోతావు? తుడుస్తాను అంటున్నాగా.

పళ్ళరసం? ఇంకా వద్దా?

పోయిన సోమవారం విచారణ అదే హాల్లో పెట్టారు. వాళ్ళకి వేరే హాలు దొరకలేదు కాబోలు. అదే బల్ల, అవే కుర్చీలు, చైర్మన్ గారి సుత్తి కూడా అలాగే ఉంది. నన్ను తీసుకెళ్ళి ఆ ఎడమ పక్క కుర్చీలోనే కూర్చోబెట్టారు. అలవాటు కొద్దీ పెన్ను తీశాను. అధికారి నిన్ను లేపి అడిగాడు. "ఆ రోజు పేటెంటు ప్రశ్న చదివినప్పుడు, మీ కంపెనీ అప్లికేషన్ సంగతి మీకు తెలుసా?"

నువ్వు దొంగకి తేలు కుట్టినట్టు ఉంటావనుకున్నారు అందరూ. నువ్వు "తెలుసు" అన్నావు. హాలంతా హాహాకారాలు. వెనక వరసలో ఎవరో "హంతకుడా" అని అరిచారు.

తర్వాత నేను లేచాను, సుత్తి తీశాను, కొట్టాను. ఇదీ లోకానికి తెలిసిన కథ. బాగుంది కదూ? కడుపు మండిన అక్క. టీవీలో పాటలు కూడా పెట్టి చూపించారట.

ఒరేయ్, నీకు అమ్మ పన్ను గుర్తుందా?

నాన్న మీటరు పగిలింది కదా, టెలిఫోన్ లైన్లు చూసుకునేది. నీకు ఆరేళ్ళు, నాకు పది. నువ్వే పగలగొట్టావు. ఆయన బెల్టు చేతికి చుట్టుకుని "ఎవరు?" అన్నాడు. నువ్వు నోరు తెరిచావు, చెప్పేద్దామనే. చెప్పేముందు నా మొహం చూశావు. నేను తల అడ్డంగా ఊపాను. కొంచెమే. నువ్వు నోరు మూసేశావు. ఎవరూ మాట్లాడకపోతే ఏమవుతుంది? జాగ్రత్తగా దాచలేదని నాన్న అమ్మని కొట్టాడు. బెల్టు బిళ్ళ తగిలి పైపన్ను సగం విరిగింది. మనిద్దరం మంచం కింద నుంచి చూశాం. ఆ సగం పన్నుతోనే మనకి ఇరవై ఏళ్ళు నవ్వుతూ వడ్డించింది.

అప్పట్నుంచీ అంతే నువ్వు. పరీక్ష తప్పినా, ఉద్యోగం మానేద్దామనుకున్నా, ముందు నా మొహం చూస్తావు. నేను నిలువుగా ఊపితే వెళ్తావు. అడ్డంగా ఊపితే ఆగుతావు. నలభై ఆరేళ్ళొచ్చాయి, ఇంకా అదే. నాకు గర్వంగా ఉండేది, చూడు! మా తమ్ముడు నా మాట జవదాటడు అని పదిమందికీ చెప్పుకునేదాన్ని.

అలా చూడకు. చెబుతున్నా. చెప్పడానికే వచ్చాననుకో. నిజానికి దానికి రాలేదు, కానీ చెబుతున్నా.

కమిటీలో స్టాండర్డు మీద ఓటింగుకి ముందు రోజు నువ్వు మా ఇంటికొచ్చావు. మీ బావ వెనక వర్క్‌షాపులో బోర్డులు కడుగుతున్నాడు. "అక్కా, ఏడో క్లాజు మీద మా కంపెనీ అప్లికేషన్ పెట్టింది, రేపు ప్రశ్న చదివినప్పుడు చెప్పేస్తాను, నా ఉద్యోగం పోయినా సరే" అన్నావు. నేనేమన్నాను? "ముందు అన్నం తిను" అన్నాను.

నువ్వు వెళ్ళాక కూర్చుని ఆలోచించాను. నువ్వు చెబితే ఆ క్లాజు ఆగిపోతుంది. ఇంకో ఏడాదో రెండేళ్ళో. మీ బావ అప్పటికే ఆ క్లాజు ప్రకారం ఆరొందల బోర్డులు చేసేశాడు, ఖాయమైపోయినట్టే అని నేనే ఇంట్లో చెప్పాను కాబట్టి. మినిట్స్ రాసే మనిషి ఇంట్లో చెప్పకూడని మాట అది. క్లాజు మారితే అవన్నీ చెత్త. వర్క్‌షాపు మూతే. ఆయన మొహం ఎలా చూడను? అప్లికేషనే కదా, ఎన్ని రావడం లేదు, ఎన్ని పోవడం లేదు, ఇదీ పోతుందిలే అనుకున్నాను.

మర్నాడు చైర్మన్ గారు చదివాడు. నాకొక పాడలవాటు, నీకు తెలియదు. పదకొండేళ్ళుగా ఒకటే జవాబు కదా అని, ఆ వాక్యం ముందే టైపు చేసి పెట్టుకునేదాన్ని. ప్రశ్న చదవకముందే నా కాగితం మీద ఉంది, "ఎవరూ మాట్లాడలేదు" అని.

నీ చెయ్యి లేచింది. సగం. భుజం దాకా. నలభై మందీ ముందున్న కాగితాలే చూసుకుంటున్నారు. చైర్మన్ గారు పైకప్పు చూస్తూ లెక్కపెడుతున్నాడు. చూసింది నేనొక్కదాన్నే. నువ్వు చూసింది నన్నొక్కదాన్నే.

నేను తల ఊపాను. అడ్డంగా. కొంచెమే.

నీ చెయ్యి దిగిపోయింది. టక్ మని సుత్తి పడింది. నేను కాగితం తిప్పాను.

మీ బావకి ఈ సంగతి తెలియదు. మూడు ఉత్తరాలూ నాచేత టైపు చేయించుకుంటూ, "మీ తమ్ముడు అప్పుడే ఒక్క మాట చెప్పుంటే బాగుండేది" అన్నాడు. నేను ఊఁ కొట్టాను. ఊఁ కొట్టానురా! ఒకే కంచంలో తిన్న మనిషి, నిన్ను తప్పుపడుతూ పోయాడు. ఆయన్ని చంపింది పేటెంటు కాదు, ఆఫీసరు కాదు. నా మెడ. ఇంత కదిలింది, అంతే.

ఇప్పుడు చెప్పు, సోమవారం నేనెప్పుడు కొట్టానో. నువ్వు "తెలుసు" అన్నప్పుడు కొట్టలేదు. గమనించావా? "చెయ్యి ఎత్తబోయాను, కానీ" అన్నావు. ఆ కానీ దగ్గర ఆగి నావైపు తిరిగావు. మళ్ళీ నా మొహం చూశావు, చెప్పనా అని. అప్పుడు కొట్టాను. కోపంతో కాదు. భయంతో. నోరు తెరవకుండా కొట్టాను. రెండో దెబ్బ సరిగ్గా ఎక్కడ వెయ్యాలో ఎంచుకునే వేశాను.

నీకు అప్పుడే తెలుసు కదూ? ఈ వారం రోజులూ తెలుసు. అందుకే నన్ను చూడగానే ఆ చివరికి జరిగావు. అయినా బెల్లు నొక్కలేదు. నీ ఎడం చేతి కిందే ఉంది బెల్లు, ఎందుకు నొక్కలేదురా మొద్దూ?

కట్టర్ కోసం చూస్తున్నావా మేకు మీద? లేదు. నా సంచీలో ఉంది. ఇందాక స్ప్రింగు వదులు అన్నానే, అప్పుడే వేసేసుకున్నాను. పళ్ళరసంలో వాంతయ్యేది కలిపి తెచ్చాను. నాలుగింటి లోపల తాగితే చాలనుకున్నాను. కానిస్టేబుల్ నన్ను చూసి పాపం అంటున్నాడుగా, ఎవరడుగుతారు? నిజం. నీ అక్కని. కింద రిజిస్టర్లో రాసి వచ్చాను.

మూడుసార్లు తాగమన్నానా? రెండుసార్లేనా? ఇంకోసారి అంటే తాగేసేవాడివేమో. నేను చెబితే తాగుతావు నువ్వు.

ఇదిగో, సింకులో పోసేస్తున్నాను. చూడు. సీసా కూడా కడిగేశాను. ఇదిగో కట్టర్, మేకుకి కాదు, నీ ఎడం చేతిలో పెట్టుకో. గట్టిగా పట్టుకో. నా దగ్గరుండకూడదు.

ఎందుకు తల ఊపుతున్నావు? ఏంటి, వద్దా? నా గురించి చెప్పనంటావా? ఒరేయ్, నువ్వు మనిషివా? దవడ విరగ్గొట్టాను, చంపడానికొచ్చాను, జైలుకి నువ్వెళ్తావట! ఎవడడిగాడు నీ త్యాగం? అమ్మ పన్ను చాలలేదా మనకి? మీ బావ చెయ్యి చాలలేదా?

అంటాను గానీ, నువ్వు అలా అడ్డంగా ఊపగానే నా ప్రాణం కుదుటపడింది. అదీ నిజమే. చూడు ఎంత నీచురాలినో.

బూట్ల చప్పుడు. ఆయనే. నాలుగు కాకుండానే వచ్చేశాడు.

విను, టైము లేదు. ఆయన అడుగుతాడు, "ఆ రోజు చెయ్యి ఎత్తకుండా మిమ్మల్ని ఎవరైనా ఆపారా?" అని. కాగితం చూశాను, మూడో ప్రశ్న అది. నువ్వు నా మొహం చూస్తావు. నేనేం ఊపుతానో నాకే తెలియదురా. నిలువుగా ఊపాలని ఉంది. కానీ ఈ మెడని నేను నమ్మను. రెండుసార్లు నమ్మాను.

రండి సార్. ఆఁ, మెలకువగానే ఉన్నాడు. నేనా? వద్దు సార్, కుర్చీ వద్దు, ఇక్కడ బాగానే ఉంది. మీరు అడగండి.

నావైపు కాదురా. ఆయన వైపు చూడు. ఇదిగో, గోడకి తిరిగి నిలబడ్డాను. ఇక నీ ఇష్టం.